షాపు ఇంటీరియర్ డ్రాయింగులు: తరచుగా అడిగే ప్రశ్నలు

విజయవాడ గవర్నర్‌పేటలో రెండో అంతస్తులో చిన్న ఆఫీసు మాది. బట్టల షాపులు, నగల షాపులు, చెప్పుల షాపులు, మొబైల్ షాపులకి లోపలి పనుల డ్రాయింగులు గీస్తాం. షాపు పెట్టబోయేవాళ్లు, కార్పెంటర్లు, కొత్తగా ఆటోక్యాడ్ (కంప్యూటర్లో డ్రాయింగులు గీసే సాఫ్ట్‌వేర్) నేర్చుకుంటున్న పిల్లలు ఫోన్లో అడిగేవి దాదాపు ఇవే ప్రశ్నలు. జవాబులు చెప్పీ చెప్పీ విసుగొచ్చి ఒకచోట రాసి పెట్టాను.

ఓనరుగారు కొలతలు చెప్పారు. వాటితో గీయడం మొదలుపెట్టొచ్చా?

వద్దండి. "పన్నెండుకి నలభై" అని ఆయన చెప్పేది అద్దె అగ్రిమెంటులో ఉన్న లెక్క. అందులో గోడలు కలిశాయో లేదో ఆయనకే తెలియదు. బీసెంట్ రోడ్డు చుట్టుపక్కల, వన్‌టౌన్‌లో పాత కట్టడాలు చూడండి. ముందు పన్నెండడుగులు ఉన్న షాపు వెనక్కి వెళ్లేసరికి పదకొండున్నర అవుతుంది. కంటికి తెలియదు. గోడ పొడవునా అరలు పెట్టినప్పుడే తెలుస్తుంది.

నాలుగు గోడలూ కొలిస్తే సరిపోదు. నాలుగు వైపుల పొడవులూ తెలిసినా ఆ ఆకారం ఎటు వాలి ఉందో చెప్పలేం. మూల నుంచి ఎదురు మూలకు కూడా టేపు పట్టాలి, వీలైతే రెండు వైపులా. అప్పుడు ఆటోక్యాడ్‌లో ముందు గోడ గీసి, దాని రెండు చివరల నుంచి వెనక మూలకున్న దూరాలతో రెండు సర్కిల్స్ వేస్తే, అవి కలిసిన చోటే ఆ మూల. మేస్త్రీలు మూడు, నాలుగు, ఐదు అడుగుల లెక్కతో మూలమట్టం చూసుకోవడం వెనకున్నదీ ఈ సంగతే.

రాత్రి షాపు కట్టేశాక వెళ్లండి. పగలు సరుకు అడ్డం, జనం అడ్డం. వెడల్పును నేల దగ్గర, నడుము ఎత్తులో, తలపైన మూడు చోట్ల తీయండి, ప్లాస్టరింగ్ కిందా పైనా ఒకలా ఉండదు. బీము అడుగు నేల నుంచి ఎంత ఎత్తులో ఉంది, షట్టరు చుట్ట ఎంత కిందికి దిగింది, మీటరు బోర్డు ఎక్కడుంది, పైఅంతస్తు డ్రెయిన్ పైపు ఏ మూలలో దిగుతోంది, రోడ్డు నుంచి లోపలి నేల ఎంత ఎత్తు, ఇవన్నీ రాసుకోవాలి. కాగితం మీద చేత్తో బొమ్మ గీసి, కొలత తీసిన వెంటనే రాయండి. ఫోటోలున్నాయి కదా, ఆఫీసుకెళ్లి చూసుకుందాం అనుకుంటే మళ్లీ ఇంకో రాత్రి వెళ్లాల్సిందే.

కొత్తల్లో ఒక చీరల షాపుకి ముందున్న బీము ఒక్కటే కొలిచి, వెనకవి కూడా అంతే ఉంటాయని గీసేశాను. వెనక బీము నాలుగంగుళాలు కిందికి ఉంది. దాని కింద ఏసీ డక్టు పోవాలి, దాని కింద ఫాల్స్ సీలింగ్ రావాలి. సీలింగ్ నాలుగంగుళాలు దిగింది. అప్పటికే తయారైన అల్మరాల పై వరస మొత్తం కోసి మళ్లీ బిగించారు. ఆ కూలి నా ఫీజులోంచే పోయింది. అప్పట్నుంచి ప్రతి బీమూ కొలుస్తాను.

అడుగుల్లో గీయాలా, మిల్లీమీటర్లలో గీయాలా?

మిల్లీమీటర్లలో గీయండి, అడుగులు కూడా కనపడేలా చేయండి. ప్లైవుడ్ మందం, గ్లాసు మందం, టైల్స్ సైజు అన్నీ మిల్లీమీటర్లలోనే వస్తాయి. కానీ మన కార్పెంటర్ల నోట్లో మాట అడుగు, అంగుళం, నూలు. నూలంటే అంగుళంలో ఎనిమిదో వంతు, మూడు మిల్లీమీటర్ల పైచిలుకు. "2134 పెట్టు బాబూ" అంటే మొహం చూస్తారు, "ఏడడుగులు" అంటే పని మొదలవుతుంది.

ఆటోక్యాడ్ డైమెన్షన్ స్టైల్‌లో (కొలతలు ఎలా కనపడాలో చెప్పే సెట్టింగు) ఆల్టర్నేట్ యూనిట్స్ ఆన్ చేసి, ఫార్మాట్ ఆర్కిటెక్చరల్‌గా, మల్టిప్లయర్ 0.03937గా పెట్టండి. ప్రతి కొలత పక్కనా అడుగులు, అంగుళాలు వాటంతట అవే వస్తాయి. ప్రెసిషన్ 1/8 దగ్గర ఉంచితే సరిగ్గా నూలు దాకా చూపిస్తుంది. చేత్తో మార్చి టైపు చేసే అలవాటు మాత్రం వద్దు. రేపు గోడ జరిగినప్పుడు గీత మారుతుంది గానీ మీరు టైపు చేసిన అంకె మారదు.

నెట్‌లో దొరికిన కుర్చీ బ్లాక్ పెడితే షాపు కంటే కుర్చీ పెద్దదైంది. ఎందుకు?

బ్లాక్ అంటే ముందే గీసి పెట్టిన బొమ్మ. దాని యూనిట్లు, మీ ఫైలు యూనిట్లు కలవలేదు. 450 మిల్లీమీటర్ల కుర్చీ అంగుళాల ఫైల్లోకి వస్తే 450 అంగుళాలు, అంటే ముప్పై ఏడున్నర అడుగులు అవుతుంది. తిరగేసి జరిగితే చీమంత అయి ఎక్కడుందో కనపడదు. యూనిట్స్ కమాండ్‌లో ఇన్సర్షన్ స్కేల్ మీ ఫైల్లోనూ, బ్లాక్ ఫైల్లోనూ సరిగ్గా పెడితే సాఫ్ట్‌వేరే సర్దుకుంటుంది. అప్పటికీ కుదరకపోతే 25.4తో స్కేల్ చేయండి, లేదా 1/25.4తో.

ఒక షాపుకి ఎన్ని షీట్లు కావాలి?

పని చేసేవాళ్లు ఎంతమందో చూసుకుంటే అన్ని. ఇప్పుడున్న షాపు ఎలా ఉందో చూపే ప్లాన్ ఒకటి. ఏ గోడ కొట్టాలి, ఏది కట్టాలి అనేది ఒకటి, ఇది మేస్త్రికి. ఫర్నిచర్ లేఅవుట్, ఇది ఓనరుకి, అసలు గొడవలన్నీ దీని మీదే. ఫ్లోరింగ్, ఇందులో మొదటి టైల్ ఎక్కడ మొదలవ్వాలో చూపకపోతే గుమ్మం దగ్గర రెండంగుళాల ముక్క పడుతుంది. సీలింగ్, ఎలక్ట్రికల్, ఏసీ, కెమెరాల పాయింట్లు. నాలుగు గోడల ఎలివేషన్లు (ఎదురుగా నిలబడి చూసినట్టు), కనీసం ఒక సెక్షన్ (నిలువుగా కోసి చూసినట్టు), ఒక్కో ఫర్నిచర్‌కి డీటెయిల్, ముందు బోర్డు. పన్నెండుకి నలభై షాపుకి మా దగ్గర పన్నెండు నుంచి పదిహేను షీట్లు అవుతాయి. "ఇన్నెందుకండీ, ఒక్క ప్లాన్ చాలదా" అనేవాళ్లకి నేను చెప్పేది ఒకటే. షీట్లో లేని ప్రతి సంగతీ సైట్లో కార్పెంటర్ నిర్ణయిస్తాడు, అప్పుడు ఆయన్ని తిట్టకూడదు.

ప్లాన్‌ని పక్కపక్కనే ఆరుసార్లు కాపీ చేసి, ఒకదానిలో లైట్లు, ఒకదానిలో ఫర్నిచర్ గీస్తున్నాను. తప్పా?

తప్పే. మన దగ్గర సగం మంది ఇలాగే నేర్చుకుంటున్నారు కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

ట్రయల్ రూం ఒక అడుగు ఎడమకి జరపమన్నారనుకోండి. ఆరు ప్లాన్లలోనూ జరపాలి. ఐదింట్లో జరిపి ఆరోది మర్చిపోతారు. ఆ ఆరోది ఎప్పుడూ ఎలక్ట్రికల్ షీటే అవుతుంది. ఎలక్ట్రీషియన్ పాత చోటే గోడ కోసి స్విచ్చుబోర్డు పెడతాడు, అది పోయి పోయి నిలువుటద్దం వెనక వస్తుంది. బట్టలు మార్చుకునేవాళ్లకి లైటు వేసుకునే దారుండదు.

ప్లాన్ ఒక్కటే ఉండాలి. గోడలు ఒక లేయరు (విడిగా చూపగలిగే, దాచగలిగే పొర), ఫర్నిచర్ ఒకటి, లైట్లు ఒకటి, పాయింట్లు ఒకటి, కొలతలు కూడా షీటుకో లేయరు. మోడల్‌లో, అంటే అసలు గీసే చోట, అన్నీ ఒకదానిమీద ఒకటి గందరగోళంగా కనిపిస్తాయి, పర్వాలేదు. ప్రింటుకి షీట్లు అమర్చే లేఅవుట్ ట్యాబ్‌లలో షీటుకో వ్యూపోర్టు (ప్లాన్ కనిపించే కిటికీ) పెట్టి, ఆ షీటుకి అక్కర్లేని లేయర్లను ఆ వ్యూపోర్టులో మాత్రమే కనపడకుండా ఫ్రీజ్ చేయండి. వీపీ ఫ్రీజ్ అనే కాలమ్ అందుకే ఉంది. గోడ ఒకచోట జరిపితే అన్ని షీట్లలోనూ జరుగుతుంది. స్కేలు పెట్టాక వ్యూపోర్టుని లాక్ చేయడం మర్చిపోవద్దు. లేకపోతే మౌస్ చక్రం ఒక్కసారి తిప్పినా స్కేలు పోతుంది.

ఆఫీసులో ఇద్దరు ముగ్గురు ఒకే షాపు మీద పనిచేస్తుంటే గోడల ప్లాన్‌ని వేరే ఫైలుగా పెట్టి ఎక్స్‌రెఫ్‌గా తెచ్చుకోండి. బయటికి పంపేటప్పుడు ఈట్రాన్స్‌మిట్‌తో అన్నీ కలిపి మూటగట్టి పంపాలి. లేదంటే అవతలివాళ్లు తెరిచేసరికి గోడల్లేని షాపులో కుర్చీలు గాల్లో తేలుతుంటాయి.

సీలింగ్ ప్లాన్ గీసేటప్పుడు కుడి ఎడమలు తిరగేయాలా?

అక్కర్లేదు. పడుకుని పైకి చూస్తున్నట్టు గీయాలేమోనని చాలామంది తిరగేస్తారు. రిఫ్లెక్టెడ్ సీలింగ్ ప్లాన్ అంటే నేలంతా అద్దం పరిచి, ఆ అద్దంలో కనిపించే సీలింగ్‌ని పైనుంచి చూసినట్టు. ఫ్లోర్ ప్లాన్‌లో కుడివైపు ఉన్న గోడ ఇక్కడా కుడివైపే.

లైట్ల విషయం ఒకటి. సీలింగ్‌లో అందంగా వరసలు కుదిరాయా అని చూసి లైట్లు పెట్టకండి. కింద ఫర్నిచర్ లేయరు ఆన్ చేసి పెట్టండి. వెలుగు సరుకు మీద పడాలి, కొనడానికి వచ్చినవాళ్ల నడినెత్తిన కాదు. మనవాళ్లు చీర నచ్చాక కూడా గుమ్మం దాకా తీసుకెళ్లి పగటి వెలుగులో రంగు చూసుకుంటారు. లోపలి లైటు రంగుని మారుస్తుందని వాళ్లకి అనుభవం. అందుకే చీరలకి సీఆర్ఐ (రంగులు ఎంత నిజంగా కనపడతాయో చెప్పే అంకె) 90 పైన, 4000 కెల్విన్ (వెలుగు రంగు లెక్క, పెరిగేకొద్దీ తెల్లగా) దగ్గర ఉన్న లైట్లు రాస్తాం. బంగారానికి 3000 దగ్గర వెచ్చటి వెలుగు, వజ్రాలకి అంతకంటే తెల్లటిది. ఒకే కౌంటరులో రెండూ పెడతామంటే లైట్లు వేర్వేరు స్విచ్చుల మీద చూపండి.

చీరల అల్మరాలో అరల లోతు ఎంత పెట్టాలి?

మా దగ్గరకి వచ్చే ఓనర్లని ఒక మడత చీర, ఒక పెట్టె తెమ్మంటాం. టేబుల్ మీద పెట్టి టేపు పట్టి చూస్తాం. మంగళగిరి నేత చీర మడత ఒకలా ఉంటుంది, పట్టుచీర పెట్టె ఇంకోలా ఉంటుంది. పుస్తకంలో ఉన్న కొలత కంటే మీరు అమ్మబోయే సరుకు కొలత ముఖ్యం. హ్యాంగర్లకి మాత్రం రాడ్డు ఉన్న అల్మరా లోపల 600 మిల్లీమీటర్లు ఉండాల్సిందే, లేకపోతే తలుపు పడదు.

లోతు నిర్ణయించే ముందు ప్లైవుడ్ షీటు గుర్తు తెచ్చుకోండి. ఎనిమిదికి నాలుగు అంటే 2440కి 1220 మిల్లీమీటర్లు. అర లోతు "పదహారంగుళాలు" అని గుండ్రంగా రాశారనుకోండి. పదహారు మూళ్లు నలభై ఎనిమిది, షీటుకి మూడు ముక్కలు వస్తాయనిపిస్తుంది. రావు. మూడు ముక్కలకే 1219 అయిపోయింది, రంపం బ్లేడు కోతకి మూడేసి మిల్లీమీటర్లు రెండుసార్లు పోతుంది. మూడో ముక్క తక్కువ పడుతుంది. అదే 400 అని రాస్తే మూడు ముక్కలూ దర్జాగా వస్తాయి. ఆరు మిల్లీమీటర్ల తేడాతో షీటుకో ముక్క మిగిలింది. పెద్ద షాపులో అరలు వందల్లో ఉంటాయి, లెక్క మీరే వేసుకోండి.

పొడవు కూడా చూసుకోండి. 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ అరని మూడడుగులు దాటి మధ్యలో ఆధారం లేకుండా వదిలితే చీరల బరువుకి నాలుగు నెలల్లో ఉయ్యాలలా వంగుతుంది.

సెప్టెంబర్ 2024లో బుడమేరు వరద వచ్చాక సింగ్‌నగర్ వైపు షాపులవాళ్లు అడిగేది ఇంకొకటి ఉంది. అల్మరాల అడుగు భాగం ప్లైవుడ్ కాకుండా స్టీలు ఫ్రేము గానీ, రాయి గానీ చూపమంటున్నారు. ప్లగ్గులు కూడా నడుము ఎత్తుకి పెంచమంటున్నారు. మంచిదే. ప్లైవుడ్ తప్పనిసరైన చోట ఐఎస్ 710 మార్కుది (నీటికి తట్టుకునే మెరైన్ ప్లైవుడ్) రాయండి. ఐఎస్ 303 ఎమ్మార్ (కాస్త తేమకే తట్టుకునే) గ్రేడు తడి తగలని చోట్లకి.

పీడీఎఫ్ పంపాం. అయినా సైట్లో కొలతలు తేడా వచ్చాయి. ఎందుకు?

రెండు కారణాలు చూశాను. మొదటిది జిరాక్స్ షాపు. మీరు ఏ3 కాగితానికి గీసింది అక్కడ "ఫిట్ టు పేజ్" కొట్టి తీస్తారు, ఒక్కోసారి ఏ4 మీదే. 1:50 (అసలు కొలతలో యాభయ్యో వంతు) అని షీటు మీద రాసి ఉంటుంది, ప్రింటు కొలత మాత్రం అలా ఉండదు. కార్పెంటర్ స్కేలు పెట్టి కొలుస్తాడు. అందుకే ప్రతి షీటు కింద సరిగ్గా 100 మిల్లీమీటర్ల గీత ఒకటి పెడతాం. ప్రింటు మీద అది పది సెంటీమీటర్లు లేకపోతే ఆ కాగితం చించేయమని చెప్తాం. కొలతలన్నీ అంకెల్లో రాసి, కాగితం మీద కొలవొద్దని కూడా రాయండి. నలభై అడుగుల షాపు 1:50లో 244 మిల్లీమీటర్లే, ఏ3 మీద హాయిగా పడుతుంది. కాబట్టి చిన్న షాపుకి పెద్ద కాగితం కోసం తిరగక్కర్లేదు. డీటెయిల్స్ మాత్రం 1:10 గానీ 1:5 గానీ వేయండి.

రెండోది వాట్సాప్. మీరు మూడో మార్పు పంపారు, కార్పెంటర్ ఫోన్లో పైకి జరుపుతూ రెండోది తెరిచాడు. రెండూ చూడ్డానికి కవల పిల్లల్లా ఉంటాయి. ఫైలు పేరు చివర ఆర్2, ఆర్3 అని మార్పు నంబరు, తేదీ రాయండి, షీటు మీద పెద్ద అక్షరాల్లో అదే రాయండి. మారిన చోట మబ్బులాంటి గీత చుట్టండి, రివిజన్ క్లౌడ్ అనేది దానికే. కొత్త ప్రింటు ఇచ్చేటప్పుడు పాతది వెనక్కి తీసుకోవడం ఇంకా మేలు. నేను సైట్లో పాత కాగితం కనపడితే మడిచి జేబులో పెట్టుకుంటాను, ఎవరైనా నవ్వినా సరే.

డ్రాయింగులో తెలుగులో రాయొచ్చా?

రాయాలి. కార్పెంటర్ షీట్లలో "ఇక్కడ అద్దం", "ఈ పలక తీసి పెట్టేది", "లోపల తెల్ల మైకా" అని తెలుగులో రాస్తే ఫోన్లు సగం తగ్గుతాయి. ఆటోక్యాడ్ సొంత ఎస్‌హెచ్‌ఎక్స్ ఫాంట్లలో తెలుగు అక్షరాలు ఉండవు, ప్రశ్నార్థకాలు వస్తాయి. గౌతమి, నిర్మలా యూఐ లాంటి యూనికోడ్ ఫాంటుతో టెక్స్ట్ స్టైల్ వేరేగా చేసుకోండి. డీటీపీ సెంటర్లో అను ఫాంట్లలో టైపు చేయించి తెచ్చి అతికిస్తే పిచ్చి అక్షరాలు వస్తాయి, అవి యూనికోడ్ కాదు. పీడీఎఫ్ అయ్యాక వత్తులు సరిగా పడ్డాయో లేదో ఒకసారి చూసుకోండి.

పెద్ద బ్రాండు ఫ్రాంచైజీ తీసుకున్నాం. వాళ్లే డ్రాయింగ్ ఇస్తారుగా, మీతో పనేంటి?

వాళ్లిచ్చేది నమూనా. కౌంటరు ఇలా ఉండాలి, రంగు ఇది, బోర్డు అక్షరాలు ఇంత అని. మీ షాపు మధ్యలో ఉన్న పిల్లరు వాళ్ల నమూనాలో ఉండదు. సైటు కొలతలు పంపడం, ఆ నమూనాని ఇక్కడి గోడలకి సర్దడం, వాళ్లు సరేనన్నాక సైటుకి ఇచ్చే షీట్లు తయారుచేయడం, ఇవీ మా పనులు. మాల్స్‌లో అయితే మాల్‌వాళ్ల నియమాల పుస్తకం ఇంకోటి ఉంటుంది, అది ముందే అడిగి తెచ్చుకోండి.

వాస్తు ఎప్పుడు చూపించాలి?

మొదటి గీత గీయకముందు. ఫర్నిచర్ లేఅవుట్ ఖాయమై, ఎలివేషన్లు అయ్యాక వాస్తు ఆయన వచ్చి "గల్లా దగ్గర కూర్చునేవాళ్లు ఉత్తరం చూడాలి" అంటే సగం షీట్లు మళ్లీ మొదటికొస్తాయి. నమ్మకం మీ ఇష్టం, నేను వాదించను. ముందు చెబితే చాలు. ఇంకో చిన్న మాట, ఉత్తరం చూడ్డానికి ఫోన్లో దిక్సూచి షట్టరు పక్కన పెట్టి చూడకండి. ఇనుముకి అది పక్కకి తిరుగుతుంది. రోడ్డు మీదికొచ్చి చూడండి.

ముహూర్తం కూడా అంతే. శ్రావణంలో తెరవాలని ఆషాఢంలో వస్తారు. మూఢం ఎప్పుడుందో చూసుకుని, వెనక్కి లెక్కేసుకుని రండి. షీట్లకే మూడు నాలుగు వారాలు పోతాయి.

పర్మిషన్లు ఏమైనా కావాలా?

లోపల ఫర్నిచర్, సీలింగ్ మారిస్తే ఒక లెక్క. పిల్లరు, బీము, స్లాబు జోలికి వెళ్తే ఇంకో లెక్క, స్ట్రక్చరల్ ఇంజనీరు, కార్పొరేషను అనుమతి లేకుండా ముట్టుకోవద్దు. ముందు బోర్డుకీ, ట్రేడ్ లైసెన్సుకీ కార్పొరేషను ఆఫీసులో విడిగా అడగండి. కరెంటు లోడు అయితే డ్రాయింగు దశలోనే కూడి చూడాలి. రెండు టన్నుల ఏసీ ఒక్కోటి రెండు కిలోవాట్లకి అటూఇటుగా తీసుకుంటుంది. నాలుగు ఏసీలు పెట్టి పాత మీటరు మీదే నడిపిస్తామంటే కుదరదు.

నేషనల్ బిల్డింగ్ కోడ్ 2016 ప్రకారం రోడ్డు అంతస్తులో ఉన్న షాపుకి మనిషికి 3 చదరపు మీటర్ల లెక్క. మన పన్నెండుకి నలభై షాపు 44 చదరపు మీటర్ల చిల్లర, అంటే పదిహేను మంది. ఆషాఢం సేల్ రోజు ఆ పదిహేను మంది గల్లా దగ్గరే ఉంటారు. కాబట్టి నడిచే దారి నాలుగడుగుల కంటే తగ్గించమని ఎవరడిగినా నేను ఒప్పుకోను. మెట్టు ఉన్న చోట 1:12 వాలుతో ర్యాంపు కూడా చూపండి. ఆరంగుళాల మెట్టుకి ఆరడుగుల ర్యాంపు పడుతుంది. రోడ్డు మీదికి పోకుండా షాపు లోపలే చోటు వదలాలి.

ఏ సాఫ్ట్‌వేర్ నేర్చుకోవాలి?

ఆటోక్యాడ్ 1982 నుంచి ఉంది. సైట్లో, ఏజెన్సీల్లో అందరూ అడిగేది డీడబ్ల్యూజీ ఫైలే, అంటే ఆటోక్యాడ్ సొంత రకం ఫైలు. 2డీ షీట్లకి ఆటోక్యాడ్ ఎల్‌టీ చాలు. జెడ్‌డబ్ల్యూక్యాడ్, బ్రిక్స్‌క్యాడ్ లాంటివి కూడా అదే ఫైలు తెరుస్తాయి, కమాండ్లూ దాదాపు అవే. విద్యార్థులకి ఆటోడెస్క్ ఉచితంగా ఇస్తుంది, కానీ దాంతో డబ్బు తీసుకునే పని చేయకూడదు. పెన్‌డ్రైవ్‌లో దొరికే క్రాక్ వెర్షన్ వద్దు, వైరస్‌కి నెల రోజుల పని పోగొట్టుకున్నవాళ్లని చూశాను.

ఐటీఐలో డ్రాఫ్ట్స్‌మన్ సివిల్ రెండేళ్ల కోర్సు చేసినవాళ్లు ఈ పనిలో బాగా రాణిస్తారు. ఒక జాగ్రత్త, కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్‌లో నమోదు కాకుండా పేరు పక్కన ఆర్కిటెక్ట్ అని రాసుకోకూడదు, 1972 చట్టం ఒప్పుకోదు. మా బోర్డు మీద కూడా ఆ మాట ఉండదు.

3డీ బొమ్మ ఒక్కటి చాలు, మిగతావి వద్దంటున్నారు ఓనరుగారు.

3డీ చూసి ఆయన ఒప్పుకుంటారు, దాన్ని చూసి కార్పెంటర్ పని చేయలేడు. రెండిటికీ విడివిడిగా డబ్బు చెప్పండి.

పని అయ్యాక డీడబ్ల్యూజీ ఫైలు ఓనరుకి ఇవ్వాలా?

మేం ఇస్తాం. ఇచ్చేముందు సైట్లో మారినవన్నీ మార్చి, పర్జ్ కొట్టి, చెత్త తీసేసి ఇస్తాం. ముఖ్యంగా సీలింగ్ పైన వైర్లు, గోడ లోపల పైపులు ఎక్కడ పోయాయో. రెండేళ్ల తర్వాత కొత్త బోర్డు బిగించడానికి డ్రిల్లు పెట్టేవాడికి అదొక్కటే కావాలి.